పాట ఒకరిది, పట్టా ఒకరిది

అరకు, పాడేరు కొండల్లో కాగితం చేసిన చేటు ఎంతటిదో పెద్దవాళ్లకు తెలుసు. ఉప్పుకో బట్టకో, పెళ్లికో జబ్బుకో షావుకారు దగ్గర కొద్దిపాటి అప్పు. దానికి ఒక కాగితం, కాగితం మీద వేలిముద్ర. నాలుగేళ్లు తిరిగేసరికి తాతలు రాళ్లేరి చదును చేసిన మడిలో ఇంకొకరి నాగలి దిగేది. దాన్ని ఆపడానికి 1917లో ఒక చట్టం వచ్చింది. చాలక 1959లో ఒక రెగ్యులేషన్ వచ్చింది. అదీ చాలక 1970లో ఏజెన్సీ అంతా వన్ ఆఫ్ సెవెంటీ అని పిలుచుకునే సవరణ వచ్చింది. అనంతగిరి మండలంలో బొర్రా చుట్టుపక్కల ప్రభుత్వమే ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులు కట్టబెడితే, సమత సంస్థ సుప్రీంకోర్టు దాకా పోరాడి 1997 జూలై 11న అవి చెల్లవనిపించింది.

ఈ చరిత్ర అనుభవించినవాళ్లకు నేను చెప్పబోయే కథ పరాయిదిగా తోచదు. జరిగింది మాత్రం చాలా దూరంలో, అమెరికాలో మిసిసిపీ నది ఒడ్డునున్న మెంఫిస్ నగరంలో. నల్లజాతివాళ్ల చర్చి పాటలోంచి, పత్తి చేల పాటలోంచి పుట్టిన సోల్ సంగీతానికి అక్కడ ఒక ఇల్లుండేది. పేరు స్టాక్స్ రికార్డ్స్. పద్దెనిమిదేళ్లు బతికింది. పాడేవాళ్లు లేక పోలేదు, వినేవాళ్లు కరువై పోలేదు. కాగితాల పాలై పోయింది.

దాన్ని మొదలుపెట్టినవాళ్లు తెల్లవాళ్లు, అక్కాతమ్ముళ్లు. తమ్ముడు జిమ్ స్టూవర్ట్ పగలు బ్యాంకులో గుమాస్తా, సాయంత్రమైతే పల్లె బాణీలు వాయించే ఫిడేలు కళాకారుడు. 1957లో శాటిలైట్ అనే పేరుతో ఒక గ్యారేజీలో రికార్డులు తీయడం మొదలుపెట్టాడు. నల్లవాళ్ల సంగీతంతో అతనికి అప్పటికి పరిచయమే లేదు. అక్క ఎస్టెల్ ఆక్స్‌టన్ అతనికన్నా పన్నెండేళ్లు పెద్దది, ఆమెదీ బ్యాంకు ఉద్యోగమే. తమ్ముడి దగ్గర సరైన టేపు యంత్రం లేదని చూసి, భర్తను ఒప్పించి, ఉన్న ఒక్క ఇల్లూ తాకట్టు పెట్టి 2,500 డాలర్లు తెచ్చిచ్చింది. ఇద్దరు పిల్లలున్న మధ్యతరగతి ఇల్లాలు ఆ రోజుల్లో అంత తెగించడం చిన్న మాట కాదు. స్టాక్స్ చరిత్రలో ఆమెకు దక్కాల్సినంత చోటు చాలాకాలం దక్కలేదని నా బాధ.

1960లో వాళ్లు దక్షిణ మెంఫిస్‌లోని ఈస్ట్ మెక్‌లెమోర్ వీధిలో మూతపడ్డ క్యాపిటల్ సినిమా హాలును అద్దెకు తీసుకున్నారు. తెల్లవాళ్లు ఒక్కొక్కరే ఖాళీ చేసి వెళ్లిపోతున్న పేట అది. నల్లజాతి కుటుంబాలు వచ్చి చేరుతున్నాయి. కుర్చీలు పీకేశారు గానీ, తెర వైపు వాలిన నేలను సమం చేయించడానికి డబ్బు చాలలేదు. ఆ వాలు అలాగే ఉండిపోయింది. అంత పెద్ద హాల్లో, ఏటవాలు నేల మీద, సొంత చేతులతో కట్టుకున్న పరదాల మధ్య డ్రమ్ము దెబ్బ పడితే ఎక్కడా వినని ఒక గుండె నిబ్బరం ఆ శబ్దానికి వచ్చేది. లక్షలు పోసి కట్టిన న్యూయార్క్ స్టూడియోలకు అది చేతకాలేదు.

హాలు ముందు తినుబండారాలు అమ్మే గది ఉండేది. దాన్ని ఎస్టెల్ రికార్డుల దుకాణం చేసింది. బడి వదలగానే పేట పిల్లలంతా అక్కడే. వాళ్లకు రికార్డులు వేసి వినిపించేది, ఏ పాటకు ఏ అడుగు వేస్తున్నారో గమనించేది, ఈ పాట ఎందుకు నచ్చింది, అది ఎందుకు నచ్చలేదు అని అడిగేది, విన్నది లోపలికి వెళ్లి తమ్ముడికి చెప్పేది. ఆ పిల్లల్లోనే బుకర్ జోన్స్ అనే హైస్కూలు కుర్రాడున్నాడు. ఎదురుగా ఉన్న కిరాణా కొట్టులో సరుకులు సంచుల్లో వేసే డేవిడ్ పోర్టర్ ఉన్నాడు. మాంసం ప్యాకింగ్ కర్మాగారంలో పనిచేసిన ఐజాక్ హేస్ తరువాత వచ్చి చేరాడు; అమ్మమ్మ తాతయ్యల దగ్గర, పత్తి చేల మధ్య పేదరికంలో పెరిగినవాడు. తలుపు తట్టి లోపలికి రావడానికి ఎవరి సిఫారసూ అక్కర్లేకపోయింది. పోర్టర్, హేస్ జంట ఆ తరువాత శామ్ అండ్ డేవ్ అనే గాయకుల కోసం రాసిన పాటలు దేశమంతా మారుమోగాయి.

మొదటి అదృష్టం ఒక తండ్రీకూతుళ్ల రూపంలో వచ్చింది. రూఫస్ థామస్ పగలు బట్టల మిల్లులో పనిచేసి సాయంత్రం రేడియోలో మాట్లాడేవాడు. 1960లో తన కూతురు కార్లాతో కలిసి అక్కడ ఒక పాట పాడాడు. దాన్ని విని న్యూయార్క్‌లోని అట్లాంటిక్ రికార్డ్స్ నుంచి జెర్రీ వెక్స్‌లర్ ఫోన్ చేశాడు. మీరు తీయండి, మేము దేశమంతా అమ్మిపెడతాం అన్నాడు. చేతిలో చెయ్యేసుకున్నారు. అంతే ఒప్పందం. మరుసటి ఏడాది కాలిఫోర్నియాలో శాటిలైట్ పేరుతోనే ఇంకో కంపెనీ ఉందని తేలితే, స్టూవర్ట్‌లో రెండక్షరాలు, ఆక్స్‌టన్‌లో రెండక్షరాలు కలిపి స్టాక్స్ అని పేరు మార్చుకున్నారు.

ఆ హాల్లో పాట ఎలా తయారయ్యేదో తెలిస్తేగానీ పోయిందేమిటో తెలియదు. కాగితం మీద స్వరం రాసుకోరు. గాయకుడు వస్తాడు, ఒక పల్లవి కూనిరాగం తీస్తాడు. బుకర్ ఆర్గన్ మీద వెతుకుతాడు, స్టీవ్ క్రాపర్ గిటారు మీద ఒక మాట కలుపుతాడు, డక్ డన్ అడుగున బేస్ పరుస్తాడు, ఆల్ జాక్సన్ డ్రమ్ముల దగ్గర కాలాన్ని పట్టుకుని కూర్చుంటాడు. బాకాలవాళ్లు మూలన నిలబడి నోటితోనే తమ వరస ఖాయం చేసుకుంటారు. తరువాత అందరూ ఒకే గదిలో ఒకేసారి వాయిస్తారు, టేపు తిరుగుతుంది. మన థింసా వలయంలో ఆడవాళ్లు ఒకరి వెనుక ఒకరు చేతులు పెనవేసుకుని, మోరి ఊదేవాడి వైపు చెవి ఒగ్గి, తుడుము దెబ్బకు అడుగు మార్చినప్పుడు ఎవరు ఎవరిని నడిపిస్తున్నారో చెప్పలేం కదా, ఆ హాలూ అటువంటిదే. క్రాపర్, డన్ తెల్లవాళ్లు. బుకర్, జాక్సన్ నల్లవాళ్లు. 1962లో వాళ్ల బృందం పేరున వచ్చిన గ్రీన్ ఆనియన్స్ వాద్యగీతం దేశాన్ని ఊపేసింది. డన్ అప్పటికింకా చేరలేదు, బేస్ వాయించింది లూయీ స్టైన్‌బర్గ్. ఆ కాలపు మెంఫిస్‌లో తెల్లవాడూ నల్లవాడూ ఒకే బల్ల దగ్గర కూర్చుని అన్నం తినగల చోటు వెతుక్కోవాల్సి వచ్చేది. అందుకే వాళ్లు నల్లవాళ్లు నడిపే లొరైన్ మోటెల్‌కు వెళ్లేవారు. వేయించిన చేప తిని, ఈతకొలను పక్కన కూర్చుని, అక్కడి గదుల్లోనే పాటలు కట్టేవారు. 1966లో వచ్చిన నాక్ ఆన్ వుడ్ పాటను ఎడ్డీ ఫ్లాయిడ్, క్రాపర్ కలిసి అక్కడ ఉరుముల రాత్రి ఒకటి కూర్చుని అల్లారు.

1962 శరత్కాలంలో జార్జియా నుంచి ఒక గిటారు వాద్యగాడు రికార్డింగుకు వచ్చాడు. అతని కారు నడుపుకుంటూ వెంట వచ్చిన పొడగరి యువకుడు సామాన్లు దించి, ఒక మూల కూర్చుని, రోజంతా ఎదురుచూశాడు. గిటారువాడి పని సాగలేదు. సాయంత్రం, అందరూ సర్దుకుంటున్న వేళ, ఆ డ్రైవరు తననూ ఒక్క పాట పాడనివ్వమని అడిగాడు. ఆ గొంతు లేచాక ఇంటికి బయల్దేరినవాళ్లు ఆగిపోయారు. అతను ఓటిస్ రెడ్డింగ్. ఆ తరువాత ఐదేళ్లపాటు అతనే ఆ ఇంటికి పెద్ద కొడుకు. పొలాల నుంచి వచ్చిన మనిషి, పాడుతున్నప్పుడు నుదుటి చెమట తుడుచుకోవడం కూడా మరిచిపోయేవాడు. 1967 వసంతంలో స్టాక్స్ కళాకారులు యూరప్ వెళ్లారు. మెంఫిస్‌లో వెనక తలుపు గుండా నడవడం అలవాటైన మనుషులకు లండన్, పారిస్ జనం లేచి నిలబడి చప్పట్లు కొడుతుంటే, తాము ఎవరో వాళ్లకు మొదటిసారి తెలిసింది.

ఇక ఆ కాగితం.

1965లో అట్లాంటిక్‌తో ఉన్న పాత నోటి మాట రాతపూర్వక ఒప్పందమైంది. అడిగింది స్టూవర్టే. వెక్స్‌లర్ ఏనాడైనా అట్లాంటిక్ వదిలినా, అందులో తన వాటా అమ్ముకున్నా తానూ బయటపడే దారి ఉండాలని అతని కోరిక. ఆ షరతు కాగితంలో చేరింది. దాంతో పాటు ఇంకో షరతూ చేరింది. స్టాక్స్ తీసి అట్లాంటిక్ అమ్మిన ప్రతి రికార్డింగు మీదా సర్వహక్కులూ అట్లాంటిక్‌వేనని. స్టూవర్ట్ ఆ భాగం చదవలేదు. న్యాయవాదికి చూపించలేదు. సంతకం పెట్టాడు.

అతను చదువురానివాడు కాదు. ఏళ్ల తరబడి బ్యాంకులో కాగితాల మధ్యే బతికినవాడు. మన దగ్గర గిరిజనుడు మోసపోతే చదువు లేక మోసపోయాడని సులువుగా అనేస్తారు. అక్షరాలు రాకపోవడం ఒక్కటే కారణమైతే స్టూవర్ట్ మోసపోయేవాడు కాదు. నమ్మినవాడి చేతిలోని కాగితాన్ని ఎవరూ అనుమానంతో చదవరు. ఆ హాల్లో పాట పుట్టడానికి ఏ నమ్మకం కావలసి వచ్చిందో, అది చేజారడానికీ అదే కారణమైంది. అలాంటి మడత తమ ఒప్పందంలో ఉందని తనకూ తెలియదని, అది లాయర్లు పెట్టినదని వెక్స్‌లర్ ఆ తరువాత చెప్పుకున్నాడు. కావచ్చు. ఫలితం మాత్రం మారలేదు.

ఇంకో నిజం కూడా ఇక్కడే చెప్పాలి. ఆ టేపుల మీద హక్కు స్టూవర్ట్‌దే అని అందరూ అనుకుంటున్న రోజుల్లో కూడా, అది వాటిలో పాడిన వాళ్లది కాదు. డ్రమ్ము కొట్టినవాడికి, బాకా ఊదినవాడికి కూలీ ముట్టేది, పాట రాసినవాడికి రచయిత వాటా వచ్చేది, టేపు మాత్రం వాళ్లది కాలేదు. స్టాక్స్ మంచి ఇల్లే. ఆ రోజుల్లో అంతకన్నా మంచిది అమెరికా దక్షిణాన లేదనే నా అభిప్రాయం. అయినా ఆ ఇంటి పట్టా పాడినవాళ్ల పేరున ఎన్నడూ లేదు.

1967 డిసెంబరు 10. ఓటిస్ రెడ్డింగ్ తన చిన్న విమానంలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని మాడిసన్‌కు బయల్దేరాడు. వెంట బార్-కేస్ బృందం కుర్రాళ్లున్నారు. అందరూ దాదాపు బడి ముగించి అప్పుడే బయటికొచ్చిన పిల్లలు. ఆ ఏడాదే సోల్ ఫింగర్ అనే వాద్యగీతంతో పేరు తెచ్చుకున్నారు. అందులో వినిపించే పిల్లల కేకలు మెక్‌లెమోర్ వీధి పిల్లలవే. కోకాకోలా ఇప్పిస్తామని లోపలికి పిలిచి అరిపించారు. విమానం గమ్యానికి కాస్త దూరంలో మొనోనా సరస్సులో కూలింది. గడ్డకట్టే నీరు. ఈత రాని బెన్ కాలీ ఒక్కడే సీటు దిండు పట్టుకుని తేలుతూ, తన స్నేహితుల కేకలు ఒక్కొక్కటే ఆగిపోవడం విన్నాడు. ఓటిస్‌కు 26 ఏళ్లు. మరో విమానంలో వస్తున్న బేస్ వాద్యగాడు జేమ్స్ అలెగ్జాండర్ మిగిలాడు. మిగిలిన ఆ ఇద్దరే బృందాన్ని తిరిగి నిలబెట్టారు.

పోయే ముందు, కొద్ది రోజుల కిందటే, ఓటిస్ క్రాపర్‌తో కలిసి డాక్ ఆఫ్ ద బే పాట రికార్డు చేశాడు. చివర్లో మాటలు లేనిచోట ఈల వేసి వదిలేశాడు. మరణవార్త ఇంకా చెవుల్లో ఉండగానే క్రాపర్ ఒక్కడూ కూర్చుని ఆ టేపు పూర్తిచేయాల్సి వచ్చింది. అలల చప్పుడు, సముద్రపక్షుల అరుపులు చేర్చి పంపించాడు. 1968 జనవరిలో విడుదలైంది, మార్చికల్లా దేశంలో మొదటి స్థానానికి చేరింది. ఓటిస్ బతికుండగా ఆ స్థానం ఎన్నడూ చూడలేదు.

ఆ దుఃఖం ఆరకముందే న్యూయార్క్ నుంచి ఇంకో దెబ్బ. అట్లాంటిక్‌ను వార్నర్-సెవెన్ ఆర్ట్స్ అనే సినిమా కంపెనీకి అమ్మేశారు. స్టూవర్ట్‌కు తాను పెట్టించుకున్న షరతు గుర్తొచ్చింది. ఇక విడిపోదాం, మా టేపులు మాకివ్వండి అన్నాడు. అప్పుడు వాళ్లు కాగితం తీసి చూపించారు. 1960 నుంచి ఆ ఏటవాలు నేల మీద పుట్టి అట్లాంటిక్ అమ్మినదంతా, ఓటిస్ గొంతుతో సహా, స్టాక్స్‌ది కాదు. శామ్ అండ్ డేవ్ జంట కూడా అసలు అట్లాంటిక్ మనుషులే, మీకు అరువిచ్చాం అని వెనక్కి పిలిపించుకున్నారు. ఎనిమిదేళ్ల పంట ఒక్క సంతకంతో వెళ్లిపోయింది. 1968 మే నాటికి స్టాక్స్ చేతిలో జనానికి తెలిసిన పాత పాట ఒక్కటి లేదు. మిగిలింది ఒక పాత సినిమా హాలు, కొందరు మనుషులు.

అదే వసంతంలో మెంఫిస్ పారిశుద్ధ్య కార్మికులు సమ్మెలో ఉన్నారు. వాళ్లకు అండగా వచ్చిన మార్టిన్ లూథర్ కింగ్‌ను ఏప్రిల్ 4న కాల్చి చంపారు. చంపింది లొరైన్ మోటెల్ వసారాలో. ఆ బృందం కలిసి భోంచేసిన చోటు, పాటలు కట్టిన చోటు. ఆ రాత్రి నగరం తగలబడింది, మెక్‌లెమోర్ చుట్టుపక్కల దుకాణాలు కాలాయి, స్టాక్స్ భవనాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. కానీ లోపల ఏదో విరిగింది. అప్పటిదాకా తలుపు దాటగానే మరిచిపోగలిగిన రంగు ఇప్పుడు తలుపు దాటి లోపలికి వచ్చింది. స్నేహితులు స్నేహితులుగానే ఉన్నా, వెనకటి తేలిక లేదు. మరుసటి ఏడాది బుకర్ జోన్స్ కాలిఫోర్నియా వెళ్లిపోయాడు.

ఇక్కడితో ముగిసిపోవాల్సిన కంపెనీని ఒక మనిషి నిలబెట్టాడు. ఆల్ బెల్. అర్కాన్సాస్‌లో పెరిగిన నల్లజాతివాడు, రేడియోలో పేరు తెచ్చుకున్నవాడు, యువకుడిగా కింగ్ ఉద్యమ శిక్షణలో పాల్గొన్నవాడు. 1965లో అమ్మకాలు పెంచడానికి వచ్చి, ఈ ప్రళయం నాటికి స్టూవర్ట్ పక్కన యజమాని స్థాయికి ఎదిగాడు. గల్ఫ్ అండ్ వెస్టర్న్ అనే వ్యాపార సంస్థకు కంపెనీని అమ్మి ఆ డబ్బుతో ఊపిరి తీసుకున్నారు. పాత పాటలు లేకపోతే కొత్తవి పుట్టిద్దాం అన్నాడు బెల్. 1969లో ఒక్క విడతలో 27 ఆల్బములు తయారుచేయించాడు. గాయకులూ వాద్యగాళ్లూ రాత్రీ పగలూ ఆ హాల్లోనే. అందులో ఒకటి ఐజాక్ హేస్ చేసిన హాట్ బటర్డ్ సోల్. నాలుగే పాటలు, ఒకటి పద్దెనిమిది నిమిషాలకు పైగా. రేడియోలో మూడు నిమిషాల పాటలు తప్ప వేయని రోజులవి. అది పది లక్షలకు పైగా అమ్ముడైంది. మరో వైపు, బెల్‌తో పొసగక ఎస్టెల్ అదే ఏడాది వాటా అమ్ముకుని వెళ్లిపోయింది. ఇల్లు తాకట్టు పెట్టి మొదలుపెట్టిన మనిషి, పేట పిల్లల్ని పేరు పెట్టి పిలిచిన మనిషి. వ్యాపారం పెరిగింది గనుక ఆ నష్టం ఎవరికీ వెంటనే తెలియలేదు.

మన కొండలకు 1/70 వచ్చిన ఏడాదే, 1970లో, స్టూవర్ట్, బెల్ కలిసి అప్పు తెచ్చి గల్ఫ్ అండ్ వెస్టర్న్ నుంచి కంపెనీని తిరిగి కొనుక్కున్నారు. తరువాతి రెండేళ్లు దానికి స్వర్ణయుగం. షాఫ్ట్ సినిమా పాటకు హేస్ 1972లో ఆస్కార్ అందుకున్నాడు. పాటకు ఆ బహుమతి అందుకున్న మొదటి నల్లజాతి సంగీతకర్త అతనే. స్టేపుల్ సింగర్స్ కుటుంబం పాట దేశంలో మొదటి స్థానంలో నిలిచింది. 1972 ఆగస్టు 20న లాస్ ఏంజెలెస్ స్టేడియంలో వాట్‌స్టాక్స్ పేరుతో కచేరీ పెట్టారు. ఏడేళ్ల కిందట వాట్స్ పేట తగలబడ్డ రోజుల జ్ఞాపకార్థం. టిక్కెట్టు ఒక్క డాలరు. లక్ష మందికి పైగా వచ్చారు. లోపల కాపలా కాసింది నల్లజాతి యువకులే. ఒక్క గొడవ లేదు. కూలీ నాలీ కుటుంబాలు పిల్లాపాపలతో వచ్చి పగలంతా పాట విని ఇంటికెళ్లాయి. ఆ రోజు తీసిన సినిమా ఇప్పుడు చూస్తున్నా, వేదిక కన్నా జనం ముఖాల మీదే నా చూపు ఆగుతుంది. తమది అనుకునేది ఒకటి దొరికిన మనుషుల ముఖాలవి.

అక్కడి నుంచి పతనం మూడేళ్లు పట్టింది.

కాలు జారింది మళ్లీ ఒప్పందం దగ్గరే. ఆ ఏడాది చివర్లో బెల్ దేశంలోకెల్లా పెద్ద రికార్డు కంపెనీ సీబీఎస్‌తో పంపిణీ ఒప్పందం చేసుకున్నాడు. వాళ్లు అప్పుగా ఇచ్చిన డబ్బుతో స్టూవర్ట్ వాటా కొనేశాడు. మొదటిసారిగా స్టాక్స్ పూర్తిగా ఒక నల్లజాతివాడి చేతికొచ్చింది. ఒప్పందం కుదిర్చినది సీబీఎస్ రికార్డుల విభాగం అధినేత క్లైవ్ డేవిస్, అతని మాట మీదే అంతా. 1973 మేలో సీబీఎస్ డేవిస్‌ను తొలగించింది. మాట ఇచ్చినవాడు పోయాడు, కాగితం మిగిలింది. కొత్తగా వచ్చినవాళ్లకు స్టాక్స్ మీద ఆసక్తి లేదు. నల్లజాతి పేటల్లో మూలమూలన ఉండే చిన్న రికార్డు దుకాణాలే స్టాక్స్‌కు ప్రాణం. సీబీఎస్ బండ్లు ఆ సందుల్లోకి వెళ్లేవి కావు. సరుకు గోదాముల్లో మూలుగుతోంది, దుకాణంలో అడిగినవాడికి లేదన్న జవాబు వస్తోంది. పైగా స్టాక్స్‌కు రావలసిన చెల్లింపుల్లో సీబీఎస్ కోత పెట్టింది.

స్టాక్స్ లోపలా తప్పులున్నాయి. పాటలు, సినిమాలు, నాటకాలు అంటూ బెల్ ఆశ అన్ని దిక్కులకూ పరుగెత్తింది. కంపెనీ తెచ్చుకున్న ఒక ప్రమోటరు విమానాశ్రయంలో లక్షా ముప్పై వేల డాలర్ల నగదుతో, ఐదు లక్షల డాలర్ల స్టాక్స్ చెక్కుతో దొరికాడు. ఆదాయపు పన్ను శాఖ తలుపు తట్టింది. కారిడార్లలో తుపాకులు కనిపించడం మొదలైంది. ఎస్టెల్ దుకాణం ముందు పిల్లలు అడుగులు వేసిన చోట కాపలాదార్లు నిలబడ్డారు. ఇవన్నీ నిజమే. అయితే ఇంతకన్నా పెద్ద తప్పులు చేసిన కంపెనీలను బ్యాంకులు భుజాన మోసి గట్టెక్కించడం చూశాం. స్టాక్స్‌కు ఆ భుజం దొరకలేదు.

మెంఫిస్‌లోని యూనియన్ ప్లాంటర్స్ బ్యాంకులో కంపెనీ అప్పు కోటి డాలర్లు దాటింది. బ్యాంకే కష్టాల్లో ఉంది, కొత్త యాజమాన్యం వసూళ్ల మీద పడింది. పాటల ప్రచురణ హక్కులు బ్యాంకు చేతికెళ్లాయి. 1974లో హేస్ తనకు రావలసిన డబ్బు కోసం దావా వేసి బయటికెళ్లాడు. జీతాలు ఆగిపోయాయి. జీతం లేకపోయినా వచ్చి కూర్చున్నవాళ్లున్నారు. అప్పటికే వాటా అమ్ముకుని ప్రశాంతంగా బతకగలిగిన జిమ్ స్టూవర్ట్ వెనక్కి వచ్చాడు. తన ఇల్లు తాకట్టు పెట్టి, ఆ డబ్బు తెచ్చి స్టాక్స్‌లో పోశాడు. అక్క ఇంటి తాకట్టుతో మొదలైనది తమ్ముడి ఇంటి తాకట్టుతో ముగిసింది. ఆ ఇల్లు పోయింది, సంపాదించినదంతా పోయింది.

1975లో బ్యాంకును మోసం చేశాడని ఆల్ బెల్ మీద అభియోగం మోపారు. అక్టోబరు 1న ఆల్ జాక్సన్‌ను అతని ఇంట్లోనే ఎవరో కాల్చి చంపారు. ఆ పద్దెనిమిదేళ్ల సంగీతంలో సగానికి కాలం పట్టినవాడు. డిసెంబరు 19న అప్పులవాళ్లు ముగ్గురు కోర్టుకెక్కి దివాలా పిటిషన్ వేశారు, ఫెడరల్ అధికారులు మెక్‌లెమోర్ వీధికొచ్చారు. పనిలో ఉన్నవాళ్లను ఉన్నపళంగా బయటికి పంపించారు. బెల్‌ను తుపాకీ చూపించి నడిపించారు. తలుపులకు తాళం పడింది. మరుసటి ఏడాది జూరీ బెల్ నిర్దోషి అని తేల్చింది. అప్పటికి తెరవడానికి ఏమీ మిగల్లేదు. హేస్ కూడా 1976లో దివాలా తీశాడు. తాను రాసి పాడిన పాటల మీద రాబోయే రాబడి సైతం అప్పులవాళ్లకు పోయింది. 1968 తరువాత తీసిన టేపులు చేతులు మారి 1977లో కాలిఫోర్నియాలోని ఫాంటసీ రికార్డ్స్‌కు చేరాయి. ప్రాణం ఒడ్డి రెండోసారి పండించిన పంట కూడా అలా పరాయి గాదెకు చేరింది.

భవనాన్ని బ్యాంకు పది డాలర్లకు ఒక చర్చికి ఇచ్చేసింది. 1989లో దాన్ని కూల్చేశారు. అభ్యంతరపెట్టినవాళ్లున్నారు గానీ ఆపలేకపోయారు. దశాబ్దం పైగా అక్కడ గడ్డి, పగిలిన సీసాలు. దేశదేశాల నుంచి వెతుక్కుంటూ వచ్చినవాళ్లు ఆ గడ్డిలో నిలబడి, ఒక ఇటుక ముక్క జేబులో వేసుకుని వెళ్లేవారు. ఆస్తిగా చూస్తే ఆ స్థలానికి విలువ లేదు. సమత తీర్పుకు ముందు బొర్రా కొండను కూడా కాగితాల్లో టన్నుల లెక్కనే చూశారు, దాని మీద బతికిన ఊళ్ల లెక్కన కాదు.

జిమ్ స్టూవర్ట్ ఆ తరువాత దాదాపు అజ్ఞాతంలోకి వెళ్లిపోయాడు. 2002లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ సత్కారానికి కూడా తాను వెళ్లక మనవరాలిని పంపించాడు. 2022 డిసెంబరులో కన్నుమూశాడు. ఎస్టెల్ 2004లో, ఐజాక్ హేస్ 2008లో పోయారు. ఎస్టెల్ మాత్రం ఒకటి చూసి పోయింది. దాతలు, పాత ఉద్యోగులు పూనుకుని అదే స్థలంలో అదే ముఖద్వారంతో, అదే ఏటవాలు నేలతో భవనాన్ని తిరిగి కట్టారు. 2003లో మ్యూజియంగా తెరిచారు. పక్కనే పేట పిల్లలకు సంగీతం నేర్పే అకాడమీ, ఆ తరువాత ఒక బడి.

ఆ పనికి పూనుకున్నవాళ్లలో డీనీ పార్కర్ ముఖ్యురాలు. పదిహేడు, పద్దెనిమిదేళ్ల పిల్లగా పాడదామని వచ్చి, ఎస్టెల్ దుకాణంలో పనిచేసి, పాటలు రాసి, చివరిదాకా కంపెనీ ప్రచారం చూసుకున్న మనిషి. అక్కడి రచయితలు పాటను గాయకుడికి వినిపించడానికి తమ గొంతులతోనే పాడిపెట్టిన నమూనా టేపులు వందలకొద్దీ మూలపడి ఉన్నాయి. వాటిలోంచి 146 పాటలు ఏరి 2023లో ఏడు డిస్కులుగా విడుదల చేశారు. వాటికి పరిచయ వ్యాసం రాసినవాళ్లలో ఒకరు డీనీ. మరుసటి ఏడాది ఆ వ్యాసానికి గ్రామీ వచ్చింది. అరవై ఏళ్లు పట్టింది. 1968 తరువాతి స్టాక్స్ టేపుల మీద హక్కు ఇప్పుడు ఫాంటసీని కొనుక్కున్న కాంకర్డ్ కంపెనీది. 1968 మేకు ముందు ఆ హాల్లో పాడి అట్లాంటిక్ ద్వారా అమ్మినదంతా, డాక్ ఆఫ్ ద బేతో సహా, నేటికీ వార్నర్ చేతుల్లోనే ఉంది.